తిన్న తరువాత చెప్పే కృతజ్ఞత

సంపాదకులకు నమస్కారం.

యూదుల సుక్కోత్ పండుగ ఏడు రోజులూ, పంట ఇల్లు చేరిన సంతోషంతోనూ, ఈజిప్టు విడిచి ఎడారిలో తిరిగిన పూర్వీకుల స్మరణతోనూ, కొమ్మలు కప్పిన పందిరి కింద కుటుంబమంతా కలిసి భోజనం చేస్తుంది. సమృద్ధికి గుర్తుగా క్యాబేజీ ఆకుల్లో కూరు పెట్టి వండడం అనేక ఇళ్లలో తరతరాల ఆచారం. అయితే నన్ను ఎక్కువగా కదిలించేది, కడుపు నిండిన తరువాత దేవునికి కృతజ్ఞత చెప్పాలన్న వారి నియమం. దీనికి ఆధారం వారి ధర్మగ్రంథం తోరాలో భాగమైన ద్వితీయోపదేశకాండంలోని 8:10 వచనం. విస్తరి ముందు నుంచి లేస్తూ ‘అన్నదాతా సుఖీభవ’ అనే మన పెద్దలకు ఇది కొత్త కాదు, కానీ హైదరాబాద్ ఇళ్లలో పిల్లలకు ఆ మాట నేర్పేవారు తగ్గిపోవడం బాధాకరం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిము యూదులు ఉన్నారు. వారి పండుగ వంటలను అక్కడి పెద్దల మాటల్లోనే మీ పత్రికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హైదరాబాద్