ఆదరణ కూడిక ముగిసిన మర్నాడు

సంపాదకులకు నమస్కారాలు.

నవంబరు 2న వచ్చే సమాధుల పండుగకు క్రైస్తవ కుటుంబాలు సమాధులకు సున్నం వేయించి, పూలూ కొవ్వొత్తులూ సిద్ధం చేసుకుంటున్న ఈ రోజుల్లో, పోయినవారి సమాధుల మాట ఎలా ఉన్నా మిగిలినవారి ఇళ్ల గురించి మన చర్చి సంఘాలు కొంచెం ఆలోచించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మూడేళ్ల క్రితం నా భర్త మరణించినప్పుడు భూస్థాపనకూ, ఆ తరువాత ఇంటివాళ్లను ఓదార్చడానికి జరిపే ఆదరణ కూడికకూ వందలమంది వచ్చారు. షామియానా, మైకు, రెండు గంటల పాటలు, ముగ్గురు పాస్టర్ల వాక్యం, ఆపైన అందరికీ భోజనాలు. ఆదరించడానికి వచ్చినవారికి వంట చేయించే భారం దుఃఖంలో ఉన్న ఇంటిమీదే పడటం, అందుకోసం కొందరు అప్పు కూడా చేయడం మనకెవరికీ వింతగా తోచదు. మర్నాడు షామియానా విప్పుకొని పోయారు. ఆ తరువాత మా గేటు చప్పుడయ్యేది పాలవాడు వచ్చినప్పుడే.

ఒకామె మాత్రం రావడం మానలేదు. మా వీధి చివర ఉండే ఆ చర్చి స్త్రీల సమాజం సభ్యురాలు నెలరోజులపాటు రోజూ సాయంత్రం క్యారియర్‌లో అన్నం, చారు, ఏదో ఒక వేపుడు తెచ్చి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుని, గిన్నెలు కడిగి వెళ్లేది. ఆమె ఒక్క బైబిలు వచనమైనా ఎత్తినట్టు నాకు గుర్తులేదు. ఒకనాడు మాత్రం "మాస్టారి కళ్లజోడు ఇంకా బల్లమీదే ఉంది, తీసి దాచనా అక్కా, ఉండనివ్వనా?" అని అడిగింది. ఉండనిమ్మన్నాను. ఆ కళ్లజోడు దగ్గర మొదలుపెట్టి రాత్రి పది దాకా ఆయన గురించి చెబుతూనే ఉన్నాను.

"విశ్వాసులు ఏడవకూడదు", "దేవుడు మంచివాళ్లనే ముందు తీసుకుంటాడు" అన్న మాటలు ఆ రోజుల్లో చాలా విన్నాను. చనిపోయిన లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీళ్లు విడిచాడని యోహాను సువార్త 11వ అధ్యాయంలో చదువుకునే మనం ఇలా ఎలా అనగలమో నాకు అర్థం కాదు. బైబిల్లో బిడ్డలను పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతనితో నేలమీద కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. చెడింది నోరు తెరిచాకే. యొప్పే పట్టణంలో, పేదలకు సాయం చేసే దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలు అపొస్తలుడైన పేతురుకు చూపిస్తూ ఏడ్చారు. చూపించుకోవడానికి ఎదుట ఒక మనిషి ఉండటం ఎంత ఊరటో కళ్లజోడు విషయంలో నాకు తెలిసింది.

ఇక కాగితాల పని. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఆలస్యమైనకొద్దీ రుసుములు, అనుమతులు తోడవుతాయి. పోయినవారి బ్యాంకు ఖాతాలోంచి ఏటా 436 రూపాయలు కేంద్ర ప్రభుత్వ పథకమైన ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాకు వెళుతున్నాయో లేదో చాలా ఇళ్లలో తెలియదు. ఆ బీమా అమలులో ఉంటే నామినీకి 2 లక్షల రూపాయలు రావాలి. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం నేను ఒక కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. ఇలాంటి పనులు బాగా తెలిసిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగులు, గుమాస్తాలు ప్రతి ఆదివారం మన బెంచీల మీదే కూర్చుని ఉంటారు. వారిలో ఒకరు పాస్‌బుక్ తిరగేసి చూసి, ఒక పూట తోడు వస్తే అదీ పరిచర్యే.

ఆయన స్కూటరు వెనక కూర్చుని చర్చికి వెళ్లడం అలవాటైన నేను ఆ తరువాత రెండు నెలలు ఆరాధనకు వెళ్లలేకపోయాను. ఎందుకు రాలేదని అడిగినవారున్నారు గాని, ఆటో మా గుమ్మం దగ్గర ఆపుతామన్నవారు లేరు. భర్త పోయిన స్త్రీని పెళ్లిపందిట్లో వెనక వరసకు నెట్టే అలవాటు కూడా మన ఇళ్లలో ఇంకా పోలేదు.

కాబట్టి ఆదరణ కూడిక భోజనాలను సంఘమే తలా ఒక గిన్నె తెచ్చి నడపాలని, ఈ నవంబరు 2న సమాధుల దగ్గర ప్రార్థన ముగిశాక, ఈ ఏడాది మరణం జరిగిన ఇళ్ల జాబితాను సంఘ పెద్దలు చదివి, ఆ కుటుంబాలకు తమవారు లేకుండా వచ్చే మొదటి క్రిస్మస్ వరకు ఏ ఇంటికి ఏ వారం ఎవరు వెళతారో అక్కడికక్కడే రాసుకోవాలని నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
తెనాలి