పురిటి వార్డులో ఇంగ్లిషు సమ్మతి పత్రం

సంపాదకులకు నమస్కారం.

నెలలు నిండకుండా పుట్టిన మా చెల్లెలి మనవడు ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల సందులు లోపలికి లాక్కుపోతున్న వేళ, తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో, చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చిన తండ్రి చేతికి ఆరు పేజీల ఇంగ్లిషు పత్రం ఇచ్చి, పరిశోధనలో చేర్చుకుంటామని చెప్పి సంతకం అడిగారు. సంతకం చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు మాత్రం ముందే పెట్టి ఉంది.

ఈ పరిశోధనలకు నేను వ్యతిరేకిని కాను. ఊపిరితిత్తుల గాలిగదులు మూసుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పలుచని పొర కొరవడటమే నెలలు నిండని పసికందుల ఈ ఊపిరి జబ్బుకు మూలమని 1959లో తేలింది. దాన్ని మందుగా ఇవ్వడం రోగులపై జరిపిన పరీక్షల్లో నెగ్గాకే వాడుకలోకి వచ్చింది. అదే మందు పెద్దల తీవ్ర శ్వాస వైఫల్యంలో, ఎంత ఆశపడినా, మరణాలను తగ్గించలేదని తేల్చినవీ పరీక్షలే. వెంటిలేటర్‌పై ఒక్కో ఊపిరికి, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల గాలికి బదులు 6 ఇస్తే పెద్దల మరణాలు సుమారు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయని 2000లో వెలువడిన అమెరికా పరీక్ష చూపింది.

అయితే పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో వివరించాకే సమ్మతి తీసుకోవాలని, హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలని మన దేశంలో కొత్త మందుల పరీక్షలకు వర్తించే 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. నెలలు నిండని కాన్పు అని తెలిసి తల్లిని చేర్చుకున్నప్పుడే, నొప్పులు ముదరకముందే, తెలుగు పత్రాన్ని చదివి వినిపించేలా, దానిపై ఇలాంటి పరీక్షలను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ ఇచ్చిన సంఖ్యను ముద్రించేలా పరిశోధనలను పరిశీలించి అనుమతించే ఆసుపత్రుల నైతిక కమిటీలు చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి