క్లాండైక్ బంగారం దొరికింది నది ఇసుకలో కాదు

సంపాదకులకు,

క్లాండైక్ బంగారంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం పిల్లలు కత్తిరించి దాచుకునేలా ఉంది. అందుకే అందులోని ఒక పొరపాటును సరిదిద్దాలని రాస్తున్నాం. వేలమంది ‘నది ఇసుకను జల్లెడ పట్టి’ బంగారం తీశారన్నారు. అక్కడ పని అలా జరగలేదు.

క్లాండైక్ నది కెనడా వాయవ్యాన ఓగిల్వీ కొండల్లో పుట్టి, సుమారు 160 కి.మీ. పారి, డాసన్ దగ్గర యూకాన్ నదిలో కలుస్తుంది. పేరు నదికి వచ్చింది గానీ, బంగారం ఎక్కువగా దొరికింది దక్షిణం నుంచి వచ్చి కలిసే చిన్న వాగుల్లో. 1896 ఆగస్టులో కార్మాక్, స్కూకమ్ జిమ్, డాసన్ చార్లీ అనే ముగ్గురికి బంగారం కనబడిన రాబిట్ క్రీక్‌కే తర్వాత బొనాంజా అని పేరొచ్చింది. దానిలో కలిసే ఎల్డొరాడో ఇంకా గొప్పది.

మంచుయుగంలో కెనడాను చాలామేర కప్పేసిన హిమఫలకాలు ఈ వాగుల మీదికి రాలేదు. దాంతో కొండల్లోని క్వార్ట్జ్ (తెల్లని స్ఫటిక రాయి) సిరలు అరిగి రాలిన బంగారం చెదిరిపోకుండా అక్కడే పోగుపడింది. ఘన సెంటీమీటరు బంగారం 19.3 గ్రాములు తూగుతుంది, క్వార్ట్జ్ 2.65 గ్రాములే. అందుకే బంగారం గులక సందుల్లోంచి జారి అడుగు బండ పగుళ్లలో చేరింది. దాని మీద మీటర్ల మందాన ఉన్న గులక, బురద ఏడాదంతా గడ్డకట్టే ఉంటాయి.

తవ్వకం చలికాలంలోనే సాగేది. రాత్రి కట్టెల మంట పెట్టి నేలను కరిగించడం, పొద్దున ఆ కరిగిన కొద్దిపాటి మన్ను తవ్వి చేదతో పైకి లాగడం, మళ్లీ మంట. గోడలు గడ్డకట్టి ఉంటాయి కనుక దన్నుకర్రలు లేకపోయినా కూలవు. అదే ఎండాకాలమైతే గోడలు విరిగిపడి, గొయ్యి నీటితో నిండుతుంది. అయితే చలికాలంలో పొగ, చెడుగాలి గొయ్యిలో నిలిచి ప్రాణం తీసే ప్రమాదముంది. అడుగు బండ తగిలాక దాని వెంట పక్కలకు తొలుచుకుంటూ పోయేవారు.

వసంతంలో వాగులు కరిగాక, పోగేసిన మన్నును అడ్డపట్టీలున్న చెక్క కాలువల్లో కడిగేవారు. వాలు ఎక్కువైతే సన్న బంగారం కొట్టుకుపోతుంది. తక్కువైతే ఇసుక పేరుకుని పట్టీలు పూడిపోతాయి, ఆపైన బంగారం నిలవదు. ఈ పనిలో అసలు నేర్పు ఇక్కడే. తర్వాత నేలను కరిగించే ఆవిరి గొట్టాలు, వాగు అడుగును తవ్వి బంగారం వేరుచేసే భారీ తేలే యంత్రాలైన డ్రెడ్జర్లు వచ్చాయి. 1912లో కట్టిన నాలుగో నంబరు డ్రెడ్జర్ బొనాంజా వాగులో నేటికీ చూడొచ్చు. డ్రెడ్జర్లు వదిలిన గులక గుట్టలూ అలాగే ఉన్నాయి. బంగారం కోసం జనం ఎగబడ్డ ఆ రద్దీలో, క్లాండైక్ నదీముఖం దగ్గరున్న ట్రోన్‌డెక్ హ్వెచిన్ అనే స్థానిక ఆదివాసులు తమ చేపల స్థావరం వదిలి మూస్‌హైడ్ అనే చోటికి వెళ్లాల్సి వచ్చిందన్న మాట మీ వ్యాసంలో లేకపోవడం పెద్ద లోటు.

మన గద్వాల పొరుగున, రాయచూరు జిల్లా హట్టిలో బంగారం రాతి సిరల్లోంచే వస్తుంది, భూగర్భ గనిలో రాయి పగలగొట్టి తీస్తారు. బరువైన ఖనిజం ఎలా వేరుపడుతుందో చూపాలంటే మాత్రం మన వాగులు చాలు. వాన వెలిశాక మలుపు లోపలివైపు నల్ల ఇసుక చారలుంటాయి. అయస్కాంతం పెడితే అందులోని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం అంటుకుంటుంది.

దయచేసి సవరణతోపాటు బొనాంజా, ఎల్డొరాడో వాగులు కనబడే పటం కూడా వేయండి.

భూగోళశాస్త్ర ఉపాధ్యాయులు,
మహబూబ్‌నగర్