ఎక్స్‌రే గది తలుపు తెరిచి ఉంచుతారా?

సంపాదకులకు నమస్కారం.

గత నెల మా అత్తగారి మోకాలికి ఎక్స్‌రే తీయించడానికి కోనసీమలోని ఒక పరీక్షా కేంద్రానికి వెళ్లాను. గది తలుపు ఓరగా తెరిచే ఉంది. దాని పక్కన బల్ల మీద ఒక నిండు గర్భిణి తన వంతు కోసం కూర్చుని ఉండగానే మిషన్ వేశారు. అత్తగారిని పట్టుకుని నిలబడాల్సి రావడంతో నేను సీసం ఆప్రాన్ అడిగితే, నాలుగు మడతలు పెట్టి మేకుకు తగిలించినది తీసి ఇచ్చారు. అలా మడిస్తే లోపలి పొర చిట్లిపోతుందనీ, ఆ పగుళ్లలోంచి కిరణాలు వస్తాయనీ అక్కడివారికి ఎవరూ చెప్పినట్లు లేదు.

ఒక్క ఛాతీ ఎక్స్‌రేతో శరీరానికి అందే వికిరణ (రేడియేషన్) మోతాదు సాధారణంగా 0.1 మిల్లీసీవర్ట్‌కు (ఆ మోతాదును కొలిచే ప్రమాణం) మించదు కాబట్టి, డాక్టరు రాసిన పరీక్షకు రోగులు భయపడనక్కరలేదు. నా బాధంతా పొద్దస్తమానం ఆ గదిలోనే పనిచేసే కుర్రవాళ్ల గురించి. వారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 దాటకూడదన్నది నియమం. ఆ లెక్క తేల్చేది, ఒంటికి ఎంత వికిరణం తగిలిందో నమోదు చేసేందుకు ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జీయే. మేం చూసిన అబ్బాయి బ్యాడ్జీ మాత్రం టేబుల్ సొరుగులో పడి ఉంది.

2004 నాటి వికిరణ రక్షణ నిబంధనలను అమలు చేసేది అణుశక్తి నియంత్రణ మండలి. ఎక్స్‌రే యంత్రం నడపడానికి దాని అనుమతి తప్పనిసరి. అమలాపురం, భీమవరం, తణుకు వంటి పట్టణాల్లోని కేంద్రాలకు జిల్లా వైద్యారోగ్య అధికారులు స్వయంగా వెళ్లి, ఆ అనుమతి పత్రాన్నీ బ్యాడ్జీల రికార్డునూ చూడాలనీ, గది తలుపు సరిగా మూసుకుంటోందో లేదో పరిశీలించాలనీ కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, ముమ్మిడివరం