ఆప్రికాట్ తోటలో పనిచేసిన చేతులు: సన్నీవేల్ మేయర్ గారికి బహిరంగ లేఖ

సన్నీవేల్ నగర మేయర్ గారికి, కౌన్సిల్ సభ్యులకు నమస్కారం.

ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకి విడిగా పంపుతున్నాను. ముందు తెలుగులో రాసింది మా వాళ్ళ కోసం. కాలిఫోర్నియాలోని ఈ ఊళ్ళో తెలుగువాళ్ళం చాలామందిమి ఉన్నాం. వాళ్ళు చదివి, ఒప్పుకుంటే నా పక్కన సంతకం పెట్టాలని నా కోరిక.

పోయిన వేసవిలో మా అమ్మ నూజివీడు నుంచి వచ్చింది. ఆవిడ మామిడి తోటలో పుట్టి పెరిగిన మనిషి. మాల్స్ చూపిస్తే విసుక్కుంది. కమ్యూనిటీ సెంటర్ పక్కనున్న పదెకరాల ఆప్రికాట్ తోట దగ్గరకి తీసుకెళ్తే మాత్రం అక్కడే ఆగిపోయింది. కాయల కంటే ముందు కొమ్మలు చూసింది. అంచున చేతికందిన కొమ్మ పట్టుకుని, కత్తిరించిన చోట బొటనవేలితో తడిమి, "ఎవరో చెయ్యి తిరిగినవాళ్ళే చేశారమ్మా. ఎవరిదీ తోట?" అంది. సిటీదని చెప్పాను. "సిటీదే. చేసిందెవరు? వాళ్ళకి ముందు చేసిందెవరు?" అంది. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నుంచే ఈ ఊరి చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

సన్నీవేల్ కథ అంటే అందరూ చెప్పేది మార్టిన్ మర్ఫీ కథ. చెప్పాల్సిన కథే. 1844లో ఆయన కుటుంబంతో కలిసి, ఎడ్ల బళ్ళు కట్టుకుని వచ్చిన గుంపు, సియెర్రా నెవాడా కొండల్ని బళ్ళతో సహా దాటిన మొదటి గుంపు. మంచులో చిక్కుకుని యూబా నది దగ్గర ఆగిపోయినప్పుడు మర్ఫీ భార్య మేరీ ప్రసవించింది. పుట్టిన పాపకి ఎలిజబెత్ యూబా అని పేరు పెట్టుకున్నారు. ఆ చలిలో బాలింతరాలిని, పసిగుడ్డుని ఎలా కాపాడుకున్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. 1850లో మర్ఫీ ఇక్కడ వేల ఎకరాలు కొన్నాడు. కలపని తూర్పు తీరంలోని మెయిన్‌లో కోయించి, దక్షిణ అమెరికా కొస చుట్టూ ఓడలో తెప్పించి ఇల్లు కట్టాడు. 1864లో రైలు ఆయన పొలం మీదుగానే వెళ్ళింది. మర్ఫీ అవెన్యూ, మేరీ అవెన్యూ మీద మేము రోజూ తిరుగుతూనే ఉంటాం.

అయితే కథ అక్కడ మొదలుపెడితే ముందున్నవాళ్ళు కనపడకుండా పోతారు. ఆ గుంపుకి దారి చెప్పింది పైయూట్ అనే స్థానిక తెగకి చెందిన ఒక పెద్దాయన. వీళ్ళు ఆయన్ని ట్రకీ అని పిలిచారు. ఆయన చూపించిన నదికి ఆ పేరే మిగిలింది. మర్ఫీ కొన్న భూమి అంతకుముందు, 1842లో, మెక్సికో ప్రభుత్వం ఎస్ట్రాడా కుటుంబానికి ఇచ్చిన గొర్రెల బీడు. దానికీ ముందు, 1777లో స్పెయిన్ వాళ్ళ క్రైస్తవ మత కేంద్రం మిషన్ శాంటా క్లారా వచ్చేదాకా, వేల ఏళ్ళుగా ఇది ఓలోనీ అనే ఆదివాసీ జనం లోయ. మిషన్లలోకి చేరిన ఆ జనం రోగాలకి కుప్పలుగా చనిపోయారు. మిగిలినవాళ్ళ వారసులు ఇప్పటికీ ఈ చుట్టుపక్కలే ఉన్నారు. మువెక్మా ఓలోనీలు తమను ఒక తెగగా గుర్తించమని ఫెడరల్ ప్రభుత్వాన్ని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. మర్ఫీ లాంటి వాళ్ళని మనం 'పయనీర్', అంటే మొదట వచ్చినవాళ్ళు, అన్నప్పుడల్లా వీళ్ళు గుర్తుకు రావాలి కదా.

ఇక తోటల కాలం. శాంటా క్లారా లోయలో ఒకప్పుడు లక్ష ఎకరాలకు పైగా పండ్ల తోటలు ఉండేవి. ప్రూన్లు, ఆప్రికాట్లు, చెర్రీలు. మీ దగ్గర ఉన్న బ్లెన్‌హైమ్ రకం ఆప్రికాట్ చాలా తియ్యగా ఉంటుంది, కానీ మెత్తన. దూరం పంపితే దెబ్బ తింటుంది. అందుకే ఎక్కువ భాగం ఎండబెట్టేవాళ్ళు, లేదా డబ్బాల్లో పెట్టేవాళ్ళు. ఎండబెట్టడం నేను ఒకసారి దగ్గర నుంచి చూశాను. కాయ మీద గీత ఉంటుంది. ఆ గీత వెంబడి చుట్టూ కత్తి తిప్పి, రెండు చిప్పలుగా విడదీసి, గింజ తీసి, కోసిన వైపు పైకి ఉండేలా చెక్క పళ్ళెంలో పేరుస్తారు. చిప్పలో ఊరిన రసం ఒలక్కూడదు, అందులోనే తీపంతా ఉంటుంది. తర్వాత గంధకం పొగ పట్టించి ఎండలో పెడతారు. ఇదంతా చెప్తే అమ్మ "మన మామిడి ఒరుగుల్లాంటిదే" అంది. ఖుబానీ అంటే ఎండు ఆప్రికాటే. హైదరాబాద్‌లో ఖుబానీ కా మీఠా తిన్నవాళ్ళకి ఆ ఒరుగు రుచి తెలుసు.

ఆ కోతలకి కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. ఎన్ని పళ్ళేలు నింపితే అంత కూలి. పండ్లని డబ్బాల్లో పెట్టే క్యానరీల్లోనూ ఆడవాళ్ళే ఎక్కువ, ఇటాలియన్లు, పోర్చుగీసులు, మెక్సికన్లు. లిబ్బీ క్యానరీ పోయింది గానీ, పండ్ల డబ్బాలా రంగులేసిన దాని నీళ్ళ ట్యాంకు ఇంకా నిలబడే ఉంది. ఆ ట్యాంకు కింద నిలబడి ఫొటో తీసుకోని కుటుంబం మాలో తక్కువ. ఆ డబ్బాలు నింపిన ఒక్క మనిషి పేరు మాలో ఎవరికీ తెలీదు.

చైనీయులు, జపనీయులు, ఫిలిపినోలు కూడా ఈ లోయలో దుక్కి దున్నారు, కాయ కోశారు. 1913లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది: పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదు. అది ప్రధానంగా జపనీయుల మీద పెట్టింది. వాళ్ళు కౌలుకి చేసి, ఇక్కడ పుట్టిన పిల్లల పేరున భూమి రాయించుకుని ఎలాగో నిలబడ్డారు. 1942లో అధ్యక్షుడి ఉత్తర్వు 9066 వచ్చింది. దాంతో జపనీయులు చేతికొచ్చిన పంట పొలంలో వదిలేసి, మోయగలిగినంత సామాను పట్టుకుని నిర్బంధ క్యాంపులకి పోయారు.

ఆ భూమి చట్టం సంగతి మా తెలుగువాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. 1923లో, ఇక్కడికొచ్చి పౌరసత్వం అడిగిన భగత్ సింగ్ థిండ్ అనే ఆయన కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. దాంతో ఆ భూమి చట్టం మన మీద కూడా పడింది. 1946లో గానీ మనవాళ్ళకి పౌరసత్వం తీసుకునే హక్కు రాలేదు. ఈ రోజు మేము సంతకం పెట్టి తాళాలు తీసుకున్న ఇళ్ళు, ఒకప్పుడు మాలాంటి వాళ్ళకి అమ్మకూడదన్న నేల మీద ఉన్నాయి. ఇంటి లోన్ గురించి నెలనెలా టెన్షన్ పడే నేను, ఈ సంగతి చదివిన రోజు చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

1956లో విమానాలు, క్షిపణులు తయారుచేసే లాక్‌హీడ్ కంపెనీ వచ్చింది, వెనకే ఎలక్ట్రానిక్స్ వచ్చాయి, చెట్లు పీకి ఇళ్ళు కట్టారు. మర్ఫీ ఇంటిని 1961లో కూల్చేశారు. తప్పు తెలుసుకున్న ఊరు 2008లో అలాంటి ఇల్లే మళ్ళీ కట్టి మ్యూజియం చేసింది. అది ఈ తోట పక్కనే ఉంది, నేను చాలాసార్లు వెళ్ళాను. పండ్ల పరిశ్రమ గురించి కూడా అక్కడ చూపిస్తారు. అది నిలబెట్టిన వాలంటీర్ల మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ ఇంటికి ఫొటోలు ఉన్నాయి కాబట్టి మళ్ళీ కట్టగలిగారు. తోటల్లో, క్యానరీల్లో పనిచేసినవాళ్ళ సంగతులు ఇప్పుడు ఎనభైలు, తొంభైలు దాటినవాళ్ళ నోట్లో మాత్రమే ఉన్నాయి.

అందుకే అడుగుతున్నాను. ఈ సంవత్సరం బడ్జెట్‌లో కొంత సొమ్ము పక్కనపెట్టి, ఆ పెద్దవాళ్ళని వాళ్ళ భాషలోనే మాట్లాడించి రికార్డు చేయించండి. స్పానిష్, జపనీస్, పోర్చుగీసు, ఏదైనా సరే. రాసిపెట్టే పనికి మాలాంటి వాళ్ళం డబ్బు తీసుకోకుండా వస్తాం. తోట అంచున, బాటసారులు ఆగేచోట, ఓలోనీల దగ్గర నుంచి క్యానరీ ఆడవాళ్ళ దాకా ఈ నేల మీద పనిచేసినవాళ్ళ గురించి ఒక బోర్డు పెట్టించండి. అందులో ఏం రాయాలో ముందు ఆ కుటుంబాలనే అడగండి. తోటని తోటగానే ఉంచుతామని, పార్కింగుకో భవనానికో ఒక్క వరస చెట్లు కూడా ఇవ్వమని కౌన్సిల్ తీర్మానంలో రాతపూర్వకంగా చెప్పండి. ఏడాదికి ఒక్క శనివారం ఊరి పిల్లలందర్నీ పిలిచి, కాయ కోసి పళ్ళేల్లో పేర్చే పని చేయించండి.

బ్లెన్‌హైమ్ జూన్ ఆఖరుకి పక్వానికొస్తుంది. అమ్మ ఈసారి కూడా అప్పటికే వస్తోంది. మీరు ఏ శనివారం అంటే ఆ శనివారం మేమిద్దరం కత్తులు తెచ్చుకుని వస్తాం. పళ్ళెం ఎలా పేర్చాలో చేత్తో చూపించగల పెద్దవాళ్ళు ఊళ్ళో ఎవరున్నా, మాకంటే ముందు వాళ్ళకి కబురు పంపండి.

ఇట్లు,
సన్నీవేల్‌లో ఉంటున్న ఒక తెలుగు ఇల్లాలు