సన్న వడ్లకున్న బోనస్ కందులకు ఎందుకు లేదు?

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణలో వ్యవసాయ బోర్లకు 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు అందుతోంది. రైతు భరోసా కింద ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయల సాయం ఉంది. సన్న వడ్లకైతే మద్దతు ధర మీద క్వింటాలుకు మరో 500 రూపాయల బోనస్, ఊళ్లోనే కొనుగోలు కేంద్రం. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ తప్పు కాదు. కానీ కరెంటు, బోనస్, కొనుగోలు మూడూ కలిసి రైతును నీళ్లు ఎక్కువ తాగే వరి వైపే నడిపిస్తున్నాయి. బండరాతి నేలల్లో, ఎర్ర చెలకల్లో సైతం బోరు నీటితో యాసంగి నాట్లు వేస్తున్నారంటే ఆ రైతును తప్పుపట్టి లాభం లేదు; లెక్క వేసుకుంటే అతనికి నష్టభయం తక్కువగా కనిపించే పంట అదొక్కటే. 2025-26కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలైనా, పండించినదంతా కొంటారన్న నమ్మకం వడ్ల మీద ఉన్నంతగా కందుల మీద లేదు.

యూరియా సంగతీ ఇంతే. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకే దొరుకుతుండగా మరో ఎరువైన డీఏపీ బస్తా 1,350 రూపాయలు పలుకుతోంది. చవకగా ఉన్నదే ఎక్కువ చల్లుతారు, యూరియాలోని నత్రజని మోతాదు మించిన వరికి సుడిదోమ పడుతుంది, ఆపైన మందుల ఖర్చు. ఒక సబ్సిడీ తెచ్చిపెట్టిన ఖర్చును రైతు తన జేబులోంచి కడుతున్నాడన్నమాట.

అలాగని ఉన్న సాయానికి షరతులు పెట్టాలని నేను అనడం లేదు. 2020 వానాకాలంలో నియంత్రిత సాగు పేరుతో చెప్పిన పంట వేయకపోతే రైతుబంధు (రైతు భరోసాకు ముందున్న పెట్టుబడి సాయం) రాదన్నారు. ఆ ఏడాది గడవక ముందే ప్రభుత్వం ఆ విధానాన్ని వదులుకుంది. 2021లో శ్రీలంక రసాయన ఎరువులను ఒక్కసారిగా నిషేధించి, కొన్ని నెలలకే వెనక్కి తగ్గింది. రైతు చేతిలో ఉన్నది లాక్కుని పర్యావరణాన్ని కాపాడటం జరిగే పని కాదు. హర్యానా 2020లో వేరే దారి పట్టింది: వరి మాని మరో పంట వేసిన రైతుకు ఎకరాకు 7,000 రూపాయలు ఇస్తామంది. మన దగ్గర కూడా రైతు భరోసాను ముట్టుకోకుండా, యాసంగిలో బోరు కింద వరికి బదులు కంది, పెసర, జొన్న, నువ్వు వంటి ఆరుతడి (తక్కువ నీటితో పండే) పంటలు వేసినవారికి అదనపు మొత్తం ఇవ్వవచ్చు. వ్యవసాయ విస్తరణ అధికారులు సీజన్‌కోసారి పంటల నమోదు ఎలాగూ చేస్తున్నారు కనుక దీనికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఆ పంటను కొనే పూచీ కూడా ప్రభుత్వం తీసుకోవాలి. అది లేకపోతే ఎంత ప్రోత్సాహకం ప్రకటించినా రెండో ఏడు మళ్లీ నాట్లే పడతాయి.

ఇందులో అసలు చిక్కు కౌలు రైతుది. ఏ పంట వేయాలో, ఎన్ని బస్తాలు చల్లాలో నిర్ణయించేది అతనే, ప్రభుత్వ సొమ్ము మాత్రం పట్టాదారు ఖాతాలో పడుతుంది. రైతు భరోసా విషయంలో ఈ వివాదం ఎప్పటికి తేలుతుందో గానీ, నీటి పొదుపు కోసం కొత్తగా ఇచ్చే మొత్తమైనా సాగు చేసే మనిషికే నేరుగా చేరాలి. భూగర్భ జలాలను పరిమితికి మించి తోడుతున్నట్లు ప్రభుత్వ లెక్కల్లోనే నమోదైన మండలాల్లో వచ్చే యాసంగికే దీన్ని మొదలుపెట్టాలని, బడ్జెట్ కసరత్తులో ఇందుకు ప్రత్యేక పద్దు చేర్చాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు, నల్లగొండ జిల్లా