పర్డ్యూ పిల్లకు, న్యూజెర్సీ నుంచి

ఎడిసన్, న్యూజెర్సీ
2025 ఏప్రిల్ 12

చిన్నీ,

మొన్న ఫోన్‌లో రెండు మాటలన్నావు. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో చిన్న కాలేజీలు పెద్ద జట్లను ఓడించడం వట్టి అదృష్టమని ఒకటి. ఈసారి ఆ అదృష్టం కూడా ఎవరికీ కలిసిరాక, మార్చిలో మొదలయ్యే జాతీయ టోర్నమెంటు చప్పగా సాగిందని ఇంకొకటి. రెండోదానికి సగం తల ఊపుతాను. మొదటిదానికి ఊపను. ఫోన్‌లో అయితే నా మాట పూర్తికాకముందే నీకు క్లాసు గుర్తుకొస్తుంది కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. పరీక్షల హడావిడి తగ్గాక తీరిగ్గా చదువు.

ముందు నీ గాయం సంగతి చూద్దాం. మార్చి 28 రాత్రి ఇండియానాపోలిస్‌లో హ్యూస్టన్ చేతిలో మీ పర్డ్యూ కాలేజీవాళ్లు 62–60తో ఓడినప్పుడు నువ్వు ఏడ్చావు. లేదని బుకాయించకు, మర్నాడు నీ గొంతే చెప్పింది. సోమవారం మా ల్యాబులో భోజనాల దగ్గర అదే చర్చ. మా బల్ల దగ్గరి ఇద్దరూ నీకు తెలుసుగా: సెయింట్ జాన్స్‌లో చదివిన క్వీన్స్ పెద్దాయన, జెర్సీ సిటీలో పుట్టి పెరిగిన కుర్రాడు. మార్చి నెలలో వాళ్లిద్దరికీ అస్సలు పడదు, మిగతా ఏడాదంతా ప్రాణమిత్రులు. పెద్దాయన తన ట్రేలోని సామానంతా తీసి బల్లమీద కోర్టు పరిచాడు. ఉప్పు పొట్లాలు పర్డ్యూ, మిరియాల పొట్లాలు హ్యూస్టన్, నా డబ్బాలోని నిమ్మకాయ ఊరగాయ బద్ద బంతి. స్కోరు 60–60. హ్యూస్టన్ వేసిన షాటు తప్పింది, మళ్లీ తట్టినదీ తప్పింది, బంతి మీవాళ్లకు తగిలి గీత దాటింది. మిగిలినవి రెండు మూడు సెకన్లు. హ్యూస్టన్ ఆటగాడు ఉజాన్ గీత బయటినుంచి బంతిని తన జట్టులోని టగ్లర్‌కు వేశాడు. వేసి అక్కడే నిలబడకుండా అదే ఊపులో లోపలికి దూసుకొచ్చాడు. టగ్లర్ బంతిని తిరిగి అతనికే ఇచ్చాడు. బుట్ట పక్కకే వెళ్లి బంతి వేసేశాడు, లేఅప్! గడియారంలో 0.9 సెకన్లు. ఊరగాయ బద్దతో సహా పెద్దాయన ఇదంతా మూడుసార్లు ఆడి చూపించాడు.

షూటర్ల మీద పెట్టిన కన్ను బంతి వేసేవాడి మీద పెట్టలేదని ఆయన తీర్పు. ఆ రోజు 22 పాయింట్లు కొట్టినవాడు అతనేనాయె! అసలు తప్పు అంతకుముందు రీబౌండు (తప్పి వెనక్కొచ్చిన బంతి) చేజార్చుకోవడంలో ఉందని కుర్రాడి వాదన. నేను కుర్రాడి వైపు. అంత చక్కగా సాధన చేసిన ఎత్తుగడను ఆఖరి రెండు సెకన్లలో ఆపడం కష్టం, అక్కడిదాకా రానివ్వకపోవడమే దారి.

నీకు పర్డ్యూలో సీటు వచ్చిందని చెప్పిన రోజు ఆ బల్ల దగ్గర ఒకటే నవ్వులు. ఎందుకో నీకు అప్పుడు చెప్పలేదు. టోర్నమెంటు నాలుగు విభాగాల్లోనూ జట్లకు బలాన్ని బట్టి ఒకటి నుంచి పదహారు దాకా ఇచ్చే వరుసే సీడ్, ఒకటి మేటి. 2021లో 13వ సీడ్ నార్త్ టెక్సస్, 2022లో 15వ సీడ్ సెయింట్ పీటర్స్, 2023లో 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్. వరసగా మూడేళ్లు మీవాళ్లను ఇంటికి పంపినవాళ్లు వీళ్లు. చివరి రెండూ మా న్యూజెర్సీవే, ఒకటి జెర్సీ సిటీలో, ఒకటి టీనెక్‌లో. 2023లోనే ప్రిన్స్‌టన్ కూడా 15వ సీడ్‌గా దిగి అరిజోనాను ఓడించింది కాబట్టి ఇక్కడివాళ్ల మీసాలు మరీ లేచాయి. ఫెయిర్లీ డికిన్సన్‌లో మీ పెద్దమ్మ కొడుకు ఎమ్మెస్ చేశాడు కదా, ఆ కాలేజీకి బాస్కెట్‌బాల్ జట్టు ఉందని ఆ రాత్రి టీవీలో చూసి తెలుసుకున్నాడు.

అదృష్టమంటున్నావు కాబట్టి ఆ మ్యాచ్‌నే తీసుకుందాం. 2023 మార్చి 17, కొలంబస్. కాలేజీ ఆటలో పై అంచె అయిన డివిజన్ 1లోని 363 జట్లలోకెల్లా పొట్టి జట్టు ఫెయిర్లీ డికిన్సన్‌ది. మీవైపు ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ, వాళ్లవైపు ఐదడుగుల ఎనిమిదంగుళాల డిమీట్రి రాబర్ట్స్. అంతకుముందు ఏడాది ఆ జట్టు గెలిచింది నాలుగే మ్యాచ్‌లు. ఆ ఏడు కూడా తమ కాన్ఫరెన్స్ (కాలేజీల కూటమి) టోర్నమెంటు గెలవలేదు. గెలిచిన మెరిమాక్ డివిజన్ 1కు కొత్త కావడంతో నిబంధనల ప్రకారం అర్హత లేక, జాతీయ టోర్నమెంటులో ఆ చోటు వీళ్లకు దక్కింది. ఇంతవరకూ అదృష్టమే, కాదనను.

ఆ తర్వాతిదంతా లెక్క. కోచ్ టోబిన్ ఆండర్సన్ అంతకుముందు పనిచేసింది డివిజన్ 2 కాలేజీలో. వస్తూ అక్కడి శిష్యులు ముగ్గురిని వెంటబెట్టుకొచ్చాడు: రాబర్ట్స్, సింగిల్టన్, షాన్ మూర్. ఈడీ పొడుగుకు వాళ్ల దగ్గర విరుగుడు లేదు. అందుకని అతని దాకా బంతి వెళ్లే దారిని పట్టుకున్నారు. ముందొకరు, వెనకొకరు కాపలా. బంతి నడిపే మీ గార్డులు బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్ అప్పటికి మొదటి సంవత్సరం పిల్లలు. వాళ్లకు ఊపిరాడనివ్వకుండా కోర్టు పొడవునా వెంటపడ్డారు. పర్డ్యూ 16 సార్లు బంతి పోగొట్టుకుంది. ఈడీ దగ్గర ఇద్దరుంటే బయట ఎవరో ఒకరు ఖాళీగా ఉండక తప్పదు, ఉన్నారు కూడా. వాళ్లు దూరం నుంచి వేసిన త్రీ పాయింటర్లు 26, పడినవి ఐదు. ఈడీ 21 పాయింట్లు, 15 రీబౌండ్లు తీశాడు సరే, ఆట మొత్తంలో అతను వేసిన షాట్లు మాత్రం 11. అంత మనిషికి పదకొండే! చివరకు 63–58.

ఆ 26లో పది పడి ఉంటే అంటావు. పడి ఉంటే ఓడేవాళ్లే. ఈడీ చేతిలో ఖాయంగా ఓడటం కన్నా మిగతావాళ్ల షాట్లు పడితే ఓడదాం అని ముందే తేల్చుకుని దిగారు. దీన్ని నేను అదృష్టమనను. నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నావు కాబట్టి నువ్వూ అనకూడదు.

ఇక మా బల్ల దగ్గర ఎప్పటికీ తెగని తగవు ఒకటుంది. బలహీనులు ఆటను నెమ్మదిగా నడపాలా, పరుగెత్తించాలా? పెద్దాయన నెమ్మది పక్షం. ఆయన వేదం 1996లో ప్రిన్స్‌టన్ మ్యాచ్. అంతకుముందు ఏడాది విజేత యూసీఎల్ఏను ప్రిన్స్‌టన్ కోచ్ పీట్ కారిల్ శిష్యులు 43–41తో ఓడించారు. పాసు మీద పాసు, షాట్ క్లాక్ (షాటు వేయడానికి ఇచ్చే గడువు) ఆఖరుదాకా ఓపిక, చివరికి కాపలావాడి వెనకనుంచి దూరి ఒక లేఅప్. అందులో గణితం ఉంది. పది ప్రశ్నల పరీక్షలో మామూలు విద్యార్థి ఒక్కోసారి క్లాసు ఫస్టును దాటేస్తాడు, వంద ప్రశ్నలు పెడితే దాటలేడు. బంతి చేతులు మారే సార్లు తగ్గినకొద్దీ చిన్న జట్టుకు ఆశ పెరుగుతుంది. ఈ ఏడు డ్రేక్ చేసింది అదే. దేశంలోకెల్లా నెమ్మదిగా ఆడే జట్టు, 11వ సీడ్, మిజోరీని 67–57తో ఓడించింది.

కుర్రాడు ఊరుకుంటాడా? ఫెయిర్లీ డికిన్సన్ ఎక్కడ నెమ్మదిగా ఆడిందని అడుగుతాడు. నిజమే, వాళ్లు చేసింది సరిగ్గా దానికి తలకిందులు.

నా ఓటు ఇద్దరికీ వేయను. సికింద్రాబాద్‌లో హైస్కూలు జట్టులో ఆడినప్పుడు మాకన్నా పొడుగు పిల్లలు ఎదురైతే మా డ్రిల్లు మాస్టారు జోన్ (మనిషికి కాక చోటుకు కాపలా) కట్టించేవారు, బంతి మధ్యకు రానిస్తే చంపుతానని గీత పక్కనుంచి కేకలేసేవారు. అది పనిచేసిందంటే జోన్ గొప్పతనం కాదు. మేం ఐదుగురం ఆరో తరగతి నుంచీ కలిసి ఆడుతున్నాం. ఎవరు ఎటు జరుగుతారో తల తిప్పి చూడనక్కర్లేదు. డ్రేక్ సంగతి చూడు: కోచ్ బెన్ మెక్‌కాలమ్ కూడా డివిజన్ 2 నుంచి వచ్చినవాడే, నార్త్‌వెస్ట్ మిజోరీ స్టేట్‌లో నాలుగు టైటిళ్లు గెలిచి, తన ఆటగాళ్లు నలుగురిని తెచ్చుకున్నాడు. ఒకరు పరుగెత్తించారు, ఒకరు సాగదీశారు. రెండు జట్ల వెన్నెముకా ఏళ్ల తరబడి ఒకే కోచ్ దగ్గర కలిసి ఆడిన పిల్లలే. కుదిరిన జట్టు ఏ వేగంలో అయినా కుదురుతుంది.

ఇక్కడే ఒక విసుగు వెళ్లగక్కుతాను. మొదటి సీడ్‌ను 16వ సీడ్ ఓడించడం 2018లోనే మొదటిసారి అని టీవీవాళ్లు ఏటా చెబుతారు. యూఎంబీసీ వర్జీనియాను 74–54తో చిత్తు చేసిన మ్యాచ్ అది. గొప్పదే. చదరంగానికి పేరున్న కాలేజీ, మొదటి సగం 21–21, ఆ తర్వాత వర్జీనియా కనిపించలేదు. కానీ అది మగపిల్లల లెక్క. 1998లో, అంటే ఇరవై ఏళ్ల ముందే, 16వ సీడ్ హార్వర్డ్ అమ్మాయిలు స్టాన్‌ఫర్డ్‌ను వాళ్ల సొంత కోర్టులో 71–67తో ఓడించారు. ఆలిసన్ ఫీస్టర్ ఒక్కతే 35 పాయింట్లు. స్టాన్‌ఫర్డ్‌లో ఇద్దరు ముఖ్యమైన అమ్మాయిలకు దెబ్బలు తగిలాయన్న మాట వెంటనే జోడిస్తారు. 2018లో వర్జీనియాకు డీఆండ్రే హంటర్ మణికట్టు విరిగి దూరమైన మాట మాత్రం అంత గట్టిగా వినిపించదు. ఈసారి మీ హాస్టల్లో ఎవరైనా 2018 అంటే ఊరుకోకు.

ఇప్పుడు నీ రెండో మాట. ఈ ఏడు ఫ్లోరిడా, హ్యూస్టన్, డ్యూక్, ఆబర్న్, నలుగురూ మొదటి సీడ్లే సెమీఫైనల్స్ ఆడే ఫైనల్ ఫోర్‌కు చేరారు. ఇంతకుముందు అలా జరిగింది 2008లో ఒక్కసారే. చివరి పదహారు జట్లూ పెద్ద కాన్ఫరెన్సులవే: ఏడు ఎస్ఈసీవి, నాలుగు బిగ్ టెన్‌వి, నాలుగు బిగ్ 12వి, ఒకటి ఏసీసీది. చిన్న కాన్ఫరెన్సుల నుంచి ఒక్కటీ లేదు. రెండేళ్ల కిందట ఫైనల్ ఫోర్‌లో చిన్న కాన్ఫరెన్సు నుంచి వచ్చిన ఫ్లోరిడా అట్లాంటిక్ ఆడింది, మొదటి మూడు సీడ్లలో ఒక్కరూ లేరు!

నాకు కనిపించే కారణం ఇది. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరుతో డబ్బు సంపాదించుకోవచ్చు. కాలేజీ మారితే ఏడాదిపాటు కూర్చోవాల్సిన పనీ అప్పటినుంచే పోతూ వచ్చింది. పిల్లలకు డబ్బు రావడం నాకు సంతోషమే, వాళ్ల చెమట మీద ఇన్నాళ్లూ మిగతా అందరూ సంపాదించారు. కానీ చిన్న కాలేజీలో ఒకడు మెరిస్తే మరుసటి ఏడాదికి పెద్ద కాలేజీలో ఉంటాడు. కోచ్‌లదీ అంతే. సెయింట్ పీటర్స్‌ను చివరి ఎనిమిది దాకా తెచ్చిన షహీన్ హాలోవే ఆ నెలలోనే సీటన్ హాల్‌కు వెళ్లాడు. ఆండర్సన్ కొద్దిరోజుల్లోనే అయోనాకు. ఈ మెక్‌కాలమ్ మార్చి ముగియకముందే అయోవాకు, డ్రేక్‌లో అతని ముఖ్య ఆటగాడు స్టర్ట్జ్ కూడా అతని వెనకే. కలిసి ఆడటానికి వ్యవధే దొరకకపోతే సంచలనాలు ఎక్కడినుంచి వస్తాయి?

అయితే చప్పగా సాగిందన్న మాట మాత్రం వెనక్కి తీసుకో. డ్యూక్ మీద హ్యూస్టన్ చివరి నిమిషంలో ఆరు పాయింట్లు వెనకబడి 70–67తో గెలిస్తే, ఆ హ్యూస్టనే ఫైనల్లో 12 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని ఫ్లోరిడాకు 65–63తో కప్పు ఇచ్చింది. ఆఖరి క్షణంలో షాటు వేయడానికి లేచిన హ్యూస్టన్ ఆటగాడు షార్ప్, మీదికి వచ్చిన ఫ్లోరిడా క్లేటన్‌ను చూసి బంతి వదిలేసి, అది ఎగురుతుంటే ముట్టుకోలేక (ముట్టుకుంటే నిబంధన తప్పినట్టే) నిలబడిపోయాడు చూడు, అది చప్పనా? మా పెద్దాయన గుండె ముందే పగిలింది. సెయింట్ జాన్స్ రెండో సీడ్, 1985 తర్వాత మొదటిసారి తమ కాన్ఫరెన్స్ బిగ్ ఈస్ట్ లీగును ఎవరితోనూ పంచుకోకుండా గెలిచిన ఏడాది. అర్కాన్సా మీద 22 త్రీలు వేస్తే రెండే పడ్డాయి. 17 షాట్లలో మూడే పడిన ఆర్‌జే లూయిస్‌ను కోచ్ పిటీనో చివరి ఐదు నిమిషాలు బెంచీ మీదే ఉంచాడు. బిగ్ ఈస్ట్‌లో ఆ ఏటి మేటి ఆటగాణ్ని! ఉంచడం సబబా కాదా అని మూడు వారాలుగా వింటున్నాను. నన్నడిగితే సబబే, పెద్దాయన ముందు మాత్రం ఆ మాట అనను.

మీవాళ్ల విషయంలో ఒక్కటి గమనించావా? 2023లో మా టీనెక్ పొట్టివాళ్లు తరిమిన ఆ స్మిత్, లోయర్ ఎక్కడికీ పోలేదు. మరుసటి ఏడే ఫైనల్ దాకా వెళ్లారు, యూకాన్‌కు ఓడారు. ఈ ఏడు స్మిత్ బిగ్ టెన్‌లో మేటి ఆటగాడు, హ్యూస్టన్ మీద 15 అసిస్టులు (తోటివాడి బుట్టకు దారితీసిన పాసులు). ఇద్దరికీ ఇంకో ఏడాది ఉంది.

వచ్చే ఏడు ఫైనల్ ఫోర్ ఇండియానాపోలిస్‌లో, మీకు గంటన్నర దూరం కూడా లేదు. విద్యార్థులకు టిక్కెట్లు విడిగా ఇస్తారేమో ఇప్పటినుంచే కనుక్కో. మీ నాన్న కారులో వద్దామంటున్నాడు, నేను విమానం అంటున్నాను, అది మేం తేల్చుకుంటాం. పులిహోర, గోంగూర తెస్తాను. ఒకవేళ మొదటి రౌండులోనే మా న్యూజెర్సీ కాలేజీ ఏదైనా మీకు ఎదురుపడితే, ఆ రాత్రికి మాత్రం నాకు ఫోన్ చేయకు.

ప్రేమతో,
అమ్మ